మురుగు కాలువ పూడితే



డెల్టాలో సేద్యం చేసేవారికి చెప్పనక్కరలేదు. పంట కాలువ నీరు తెస్తుంది, మురుగు కాలువ ఎక్కువైన నీటిని తీసేస్తుంది. పంట కాలువకు నీళ్లు రాకపోతే అందరమూ గోల చేస్తాం. మురుగు కాలువను మాత్రం చేలు మునిగిన రోజే తలుచుకుంటాం.

దేవుడు మన గుండెలో కూడా ఈ రెండూ పెట్టాడు. రక్తనాళాల సంగతి అందరికీ తెలుసు. వాటి పక్కనే సన్నని శోషరస నాళాలున్నాయి. గుండె కండరంలోకి ఊరిన అదనపు నీటిని అవి తీసుకెళ్లి మళ్లీ రక్తంలో కలుపుతాయి. బోదకాలు వ్యాధిలో పురుగులు పాడుచేసేది ఇలాంటి నాళాలనే. అందుకే కాలు అలా వాస్తుంది. గుండెపోటు వచ్చినప్పుడు చచ్చిన కణాలను శుభ్రం చేయడానికి వచ్చిన రక్షక కణాలు తిరిగి బయటికి వెళ్లే దారి కూడా ఇదే. ఆ దారి సరిగా లేకపోతే వాపు తీయదు, గాయం సరిగా మానదు.

వీటి పని అంతటితో అయిపోలేదు. 2020లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో గిలెర్మో ఒలివర్ గారి బృందం చిట్టెలుకలలో ఇంకొక సంగతి చూసింది. తల్లి గర్భంలో గుండె తయారవుతుండగానే ఈ నాళాల కణాలు రీలిన్ అనే ప్రోటీనును విడుదల చేస్తాయి. గుండె కణాలు పెరగడానికి, బ్రతకడానికి అది తోడ్పడుతుంది. ఈ నాళాలు లేని పిండాలలో గుండె చిన్నదిగా ఉండిపోయింది. గుండెపోటు తగిలిన చిట్టెలుకల గుండెమీద రీలిన్ ఉన్న పట్టీ అతికిస్తే గుండె పనితీరు మెరుగైంది. మనుషులకు ఇది ఇంకా మందు కాలేదు. అయినా మురుగు తీసేదే పెంచుతుంది కూడా అన్నమాట!

ఇది చదివినప్పుడు మాకు మన సంఘంలోని ఒక పెద్దమ్మగారు గుర్తొచ్చారు. ఇరవై ఏళ్లు ప్రతి శనివారం మందిరం ఊడ్చారు. ఎవరింట్లో గొడవైనా అరుగుమీద కూర్చొని విని, ఆ మాటలు తన కడుపులోనే దాచుకునేవారు. ఆమె పోయిన ఆరు నెలల్లో సంఘంలో మూడు తగవులు వచ్చాయి. అప్పుడు తెలిసింది, ఇన్నాళ్లూ వాటిని మోసినదెవరో. పాడేవారికి, కానుకలిచ్చేవారికి వేదికమీద వందనాలు చెప్పాం. ఆమె పేరు మాత్రం సమాధి దగ్గరే ఎత్తాం. ఆ తప్పు మాది.

నెహెమ్యా కాలంలో యెరూషలేము గోడ పని కుంటుపడింది రాళ్లు లేక కాదు. చెత్త మోసేవారు అలసిపోయి.

ప్రియులారా, మీ ఇంట్లో, మన సంఘంలో అలా మోస్తున్న ఒకరిని ఈ ఆదివారం పలకరించండి. బ్రతికుండగానే పలకరించండి. మేమూ అలాగే చేస్తాం.

తండ్రీ, మేము చూడనివారిని నీవు చూస్తున్నావు. మా కళ్లు కూడా తెరువుము. ఆమేన్.