తలుపు వెనుక కథలు

మా పెద్దమ్మాయి పదవ తరగతి చదువుతున్న రోజులలో, రాత్రివేళ గది తలుపు వేసికొని జపాను బడి కథలు చూస్తున్నదని మాకు తెలిసింది. ప్రేమ కథలట! దంపతులమిద్దరము కలవరపడ్డాము. కోప్పడదామనుకొని, చివరకు "ఒకటి మాకూ చూపించమ్మా" అన్నాము.

ఆమె 1995లో యోషిఫుమి కొండో తీసిన 'విస్పర్ ఆఫ్ ది హార్ట్' పెట్టింది. అందులో షిజుకు అనే బాలిక గ్రంథాలయము నుండి తెచ్చుకొన్న పుస్తకాల కార్డులమీద, తనకంటె ముందు చదివిన వాని పేరు మాటిమాటికి ఒకటే కనబడుతుంది. ఆ సెయిజీ వయొలిన్లు చేయడము నేర్చుకొనడానికి ఇటలీ వెళ్ళదలచినవాడు. అది విని షిజుకు, తనలో ఏ పాటి పనితనమున్నదో చూచుకోవాలని కథ వ్రాయడానికి పూనుకొంటుంది. మార్కులు పడిపోతాయి. తల్లిదండ్రులు ఆమెను కూర్చోబెట్టి మాట్లాడుతారు. తండ్రి కేకలు వేయడు. ఆమె అనుకొన్నది చేయనిస్తాడు. అయితే ఫలితము తానే భరించాలని హెచ్చరిస్తాడు.

అక్కడ మేము ఒకరి ముఖము ఒకరము చూచుకొన్నాము.

తెల్లవారుజామున కొండమీద ఆ పిల్లవాడు ఏకంగా పెళ్ళిమాట ఎత్తేసరికి మేము ఉలిక్కిపడ్డాము. అమ్మాయి పకపక నవ్వింది. తరువాత తానే ఎన్నో సంగతులు చెప్పింది. మనసులోని మాట ఎదుట నిలిచి చెప్పడాన్ని వారు 'కొకుహకు' అంటారట. బడి గుమ్మములో బూట్లు పెట్టుకొనే అరలో ఉత్తరము ఉంచడము, ఫిబ్రవరి 14న అమ్మాయిలు చాక్లెట్ ఇస్తే మార్చి 14న అబ్బాయిలు బదులివ్వడము, బడి విడిచే రోజున అబ్బాయి కోటుకున్న రెండవ గుండీ అడిగి తీసికొనడము ఆ కథలలో మామూలట. ఆ గుండీ గుండెకు దగ్గరగా ఉంటుంది గదా! అన్ని కథలూ ఇంత నిర్మలమైనవి కావని కూడా దాచకుండా చెప్పింది.

కొంతసేపు ఊరకుండి, "అమ్మా, మా క్లాసులో ఒకబ్బాయి నాకు ఉత్తరము వ్రాశాడు. మీరు తిడతారని చెప్పలేదు" అన్నది.

మా నోటివరకు ఎన్నో ప్రశ్నలు వచ్చాయి. షిజుకు తండ్రి జ్ఞాపకము వచ్చి ఆగాము. "నీకేమనిపించింది తల్లీ?" అని మాత్రము అడిగాము. ఆ రాత్రి పన్నెండు దాటేవరకు ఆమె చెబుతూ ఉంటే మేము విన్నాము.

ఇప్పుడామె గది తలుపు చాలామట్టుకు తెరిచే ఉంటున్నది.