రికార్డుకు రికార్డు

మన కళాశాల వార్షిక సంచికకు ఏదైనా వ్యాసం వ్రాసి ఇమ్మని సంపాదక వర్గం వారు కోరినప్పుడు, చదువును గూర్చియో సత్ప్రవర్తనను గూర్చియో నాలుగు మంచి మాటలు వ్రాయవచ్చునని మొదట అనుకొన్నాను. కాని కలం పట్టగానే నా మనస్సు తార్నాకలోని ఒక చిన్న గదిలోనికి పోయి కూర్చున్నది. ఆ గదిలో గోడ పొడవునా గ్రామఫోను రికార్డులుండేవి. నేను గాయకుడను కాను, సంగీత శాస్త్రం తెలిసినవాడనూ కాను. ఒకప్పుడు ఒక రికార్డు విషయంలో మా తండ్రిగారికి అన్యాయం చేసినవాడను. అందుచేత ఆ సంగతే వ్రాస్తున్నాను.

మా ఇల్లు రామంతాపూర్‌లో చెరువుకు సమీపాన ఉండేది. దూరదర్శన్ కేంద్రం వెలిసిన తరువాత ఆ పేరు నగరంలో పదిమందికీ తెలిసింది కాని, నా బాల్యంలో అది ఊరికి వెలుపలి ఊరు. మా నాన్నగారు ఉర్దూ ఉపాధ్యాయులు. మితభాషి. ఆయనకున్న విలాసం ఒక్కటే: చిన్న రికార్డు ప్లేయరు, దానితోపాటు ఇరవై లోపు రికార్డులు. మన హైదరాబాదు ఖవ్వాలు అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ గారిని 1971లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించినప్పుడు, సత్కారం తమ ఇంటివారికే జరిగినంతగా నాన్నగారు సంబరపడ్డారు. ఆ నెల జీతంలోనుండి వార్సీ గారి రికార్డొకటి కొని తెచ్చారు. ఆ నెలంతా ఇంట్లో పప్పుతోనే సరిపెట్టుకొన్నామని అమ్మ తరువాత చాలాకాలం జ్ఞాపకం చేస్తూ ఉండేది.

ప్రతి గురువారం రాత్రి నమాజు ముగిసిన పిమ్మట ఆ రికార్డు మ్రోగేది. ఒకచోట గాయకుడు ఒక చరణాన్ని పట్టుకొని విడువక, తిప్పి తిప్పి పాడతాడు. అక్కడికి రాగానే నాన్నగారు లేచి, సూదిని మెల్లగా ఎత్తి కొంచెం వెనుకకు పెట్టి, మళ్ళీ వినేవారు. ఆయన చేయి ఎంత మెత్తనిదైనా సూది సూదే గదా! కొన్నాళ్ళకు ఆ చోట టిక్కుమనే చిన్న చప్పుడు పుట్టింది. మా ఇంట్లో ఆ చప్పుడు కూడా పాటలో భాగమైపోయింది.

1976 నాటికి నేను ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. విద్యార్థిని. 1939లో ప్రారంభమైన ఆ ఆర్ట్స్ కళాశాల గులాబీ రాతి భవనం మెట్లమీద కూర్చుంటే ప్రపంచమంతా మనదే అనిపించే వయస్సు. ఆ ఆవరణలోనే 1964లో నెలకొన్న అమెరికా అధ్యయన పరిశోధన కేంద్రం ఉండేది. అక్కడి గ్రంథాలయంలో లాంగ్‌స్టన్ హ్యూస్ వంటి నల్లజాతి కవులను చదివాను. ఆ కవిత్వంలో పాట మాటిమాటికీ వస్తుంది. కాగితం మీద పాటను ఎంతసేపని చదవగలం? ఆ గొంతులను చెవితో వినాలనే కోరిక పుట్టింది.

తార్నాకలో ఒకాయన వద్ద అటువంటి రికార్డులున్నాయని మిత్రుడొకడు చెప్పాడు. ఆయన లాలాగూడ రైల్వే కార్ఖానాలో గుమాస్తా. ఆస్ట్రేలియాకు వలసపోతున్న ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు సామాన్లు అమ్ముకొంటున్నప్పుడు, తక్కినవారు కుర్చీలూ బల్లలూ కొంటే, ఈయన రికార్డులు కొన్నాడు. ఇంగ్లీషు అంతంతమాత్రం. ఉర్దూ మాట్లాడతాడు కాని గజల్‌లోని పదాలకు అర్థం అడిగితే నవ్వేసేవాడు. నేను ఆయనను అన్నా అని పిలిచేవాడిని. ఆయన నన్ను తమ్మీ అనేవాడు.

ఆదివారాలలో ఆ గదిలో నలుగురైదుగురు చేరేవారు. 'సోల్' అని అమెరికాలో పేరు పొందిన సంగీతాన్ని నేను అక్కడే మొదటిసారి విన్నాను. సోల్ అనగా ఆత్మ. మా ఇంటి భాషలో రూహ్. దాని పుట్టుక విచిత్రమైనది. చర్చిలో దేవుని కోసం పాడే బాణీలను తీసికొని, వాటిలో ప్రేయసీ ప్రియుల మాటలు నింపారు. 1954లో రే చార్లెస్ ఆ పని చేసినప్పుడు భక్తులు అపచారమన్నారు. సామ్ కుక్ మొదట భక్తి గీతాల బృందంలో పాడినవాడే. అరీథా ఫ్రాంక్లిన్ డెట్రాయిట్ నగరపు మత బోధకుని కుమార్తె. మన ఖవ్వాలీ దారి ఇందుకు సరిగ్గా ఎదురు. అది ప్రియురాలి మాటలు, మధుపాత్ర మాటలు తీసికొనిపోయి దర్గా ముందు పెడుతుంది. ఒకటి గుడినుండి వీధికి వచ్చింది, మరొకటి వీధినుండి గుడికి పోయింది. దారిలో రెండూ ఎక్కడో ఎదురుపడి ఉండాలి కాబోలునని నాకిప్పటికీ అనిపిస్తుంది.

ఆ గదిలో వాదాలకు కొదవ లేదు. సామ్ కుక్ పాటను మించినది లేదని ఒకరు: 1963లో లూసియానాలో నల్లవాడన్న కారణాన వసతి నిరాకరింపబడిన తరువాత, మార్పు రాక తప్పదని 1964 జనవరిలో పాడి రికార్డు చేశాడు, ఆ డిసెంబరులోనే తుపాకి గుండుకు బలి అయ్యాడు, ఆ పాట చిన్న రికార్డుగా వెలువడినది ఆయన పోయిన తరువాతనే. అరీథా 'రెస్పెక్ట్' ముందు తక్కినవన్నీ దిగదుడుపేనని మరొకరు. ఆ పాట 1965లో ఓటిస్ రెడ్డింగ్ వ్రాసి పాడుకొన్నది. ఇంటికి వచ్చిన మగవాడు మర్యాద అడిగే పాట. 1967లో అరీథా దానిని తీసికొని, ఆడది మర్యాద అడిగే పాటగా మార్చివేసింది. ఆ తరువాత అది ఆమెదే అయిపోయింది.

అన్న ఈ వాదాలలో కలిసేవాడు కాడు. ఒకనాడు మాత్రం అన్నాడు: "ఎవలకు ఏది ఇష్టమో అడుగుడెందుకు తమ్మీ? రికార్డును వెలుతురు దిక్కు పట్టి చూడు. నల్లగ మెరిస్తె అది అల్మారీల పెట్టుకునేది. బూడిదరంగు తేలితె అది వినేది."

నాకు మనసైనది ఓటిస్ రెడ్డింగ్ చివరి రికార్డు. సముద్రపు రేవులో పని లేక కూర్చుని ఓడల రాకపోకలు చూసే ఒక పరదేశి పాట అది. మూడు నిమిషాలైనా ఉండదు. చివర మాటలు లేవు, ఈల మాత్రమే. మెంఫిస్ నగరంలో ఒక పాత సినిమా హాలును మార్చి కట్టిన స్టూడియోలో, 1967 నవంబరు, డిసెంబరు నెలలలో దానిని రికార్డు చేశారు. డిసెంబరు 10న విమానం సరస్సులో కూలి ఓటిస్ మరణించాడు. వయస్సు ఇరవై ఆరు. మరుసటి నెల రికార్డు వెలువడింది. అమెరికాలో అన్ని పాటలనూ మించి అగ్రస్థానంలో నిలిచింది. వినవలసినవాడు లేడు.

దానిని నాకిమ్మని అడిగాను. డబ్బు కూడబెట్టి తెచ్చాను. అన్న తల అడ్డంగా త్రిప్పాడు. "అమ్ముడు లేదు, కొనుడు లేదు. రికార్డుకు రికార్డు."

నాన్నగారు బంధువుల పెండ్లికి ఊరు వెళ్ళిన సమయం చూసి, వార్సీ గారి రికార్డును చేసంచిలో పెట్టుకొని హబ్సిగూడ మీదుగా తార్నాకకు నడిచాను. తిరిగి వస్తున్నప్పుడు చేసంచిలో ఓటిస్ ఉన్నాడు. దొంగతనం చేశానన్న భావం ఆనాడు లేశమైనా కలుగలేదని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉన్నది.

గురువారం వచ్చింది. నాన్నగారు అట్ట కవరులో చేయి పెట్టి, వేరే రికార్డు తీశారు. కొంతసేపు చూసి, ఏమీ అనకుండా దానినే పెట్టారు. ఈల అయ్యేవరకు కూర్చుని విన్నారు. "ఇతడెవరు బేటా? గొంతులో దర్ద్ ఉన్నది" అన్నారు. ఒక నిమిషం ఆగి, "మరి మన అజీజ్ సాహెబు ఎక్కడికి వెళ్ళారు?" అని అడిగారు. మిత్రుడు విని ఇస్తానని తీసికొన్నాడని అబద్ధమాడాను. ఆయన నమ్మారు. లేక నమ్మినట్లు ఉన్నారు. తరువాత నాలుగైదు గురువారాలు, "మీ మిత్రుడు ఇంకా వింటూనే ఉన్నాడా?" అని అడిగారు. ఆ పిమ్మట అడగడం మానివేశారు. ఆ మానివేయడమే నాకు భరింపరానిదైంది.

అన్న దగ్గరకు పోయి తిరిగి ఇమ్మన్నాను. అది చేతులు మారిపోయిందన్నాడు. నగరంలో పాత సామాన్లమ్మే చోట్లన్నీ వెదికాను, జుమేరాత్ బజారులో ఎన్ని గురువారాలు తిరిగానో లెక్క లేదు. ఆ రికార్డు ఎక్కడా దొరకలేదు.

1983లో నాన్నగారు పరమపదించారు. నలుబది రోజులు గడచిన తరువాత ఒక ఆదివారం తార్నాకకు వెళ్ళి, అన్నకు మొదటినుండి చెప్పాను. అది నా రికార్డు కాదని, అడగకుండా తెచ్చానని ఆయనకు అంతవరకు తెలియదు. చాలాసేపు మాట్లాడలేదు. లేచి మంచం క్రింది పెట్టె లాగి, బట్టలో చుట్టిన రికార్డు తీశాడు. "ఎటూ పోలేదు. నేనే అబద్ధమాడిన. ఇడువబుద్ధి కాలే" అన్నాడు. ఒక్క ముక్క అర్థం కాని ఆ రికార్డును ఏడు సంవత్సరాలుగా ఆయన ఒంటరిగా వింటున్నాడట.

నియమం మాత్రం విడువలేదు. ఓటిస్‌ను తెచ్చి ఇస్తేగాని ఇవ్వనన్నాడు. ఇచ్చాను. అది ఉచితంగా ఇచ్చి ఉంటే నేను ఆ గడప మళ్ళీ త్రొక్కగలిగేవాడను కానని ఆయనకు తెలిసి ఉండవచ్చు.

ఇంటికి వచ్చి రికార్డును కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టాను. అంచునుండి నడుమ చీటీ వరకు బూడిదరంగు. నాన్నగారు సూది ఎత్తిపెట్టిన చోటు కోసం వెదికాను. ఒక్క గీత కాదు, అక్కడ పది గీతలున్నవి. ఆ చరణం దగ్గరనే అన్న కూడా సూది వెనుకకు పెట్టుకొన్నాడు. ఏ గీత ఎవరిదో చెప్పడానికి వీలులేదు.

ఈనాడు ఓటిస్ ఈల గాని, వార్సీ గారి ఖవ్వాలీ గాని విద్యార్థి మిత్రులు చేతిలోని ఫోనులో వినవచ్చు. దానికి అరుగుదల లేదు. నా మనుమరాలే నాకు వినిపించింది. నా దగ్గరి రికార్డు ఇంట్లో ఎక్కువ కాలం మ్రోగలేదు. నాన్నగారి ప్లేయరు మరుసటి సంవత్సరమే చెడిపోయింది, బాగుచేయించుటకు నా జీతం చాలలేదు. అందుచేత ఆదివారం నాడు రికార్డును చేసంచిలో పెట్టుకొని తార్నాకకే వెళ్ళేవాడిని. అన్న తలుపు తీసి, "ముందు ఎవలు తమ్మీ, మీ నాయనా, నీ దోస్తా?" అని అడిగేవాడు.