డ్రమ్ము చెప్పిన నిజం

మా సంఘంలో ఒక రైతు సహోదరుడు అప్పు చేసి కొత్త బోరు వేయిస్తానన్నాడు. "మోటారు బాగానే తిరుగుతోంది అయ్యగారూ, భూమిలోనే నీళ్లు తగ్గాయి" అన్నాడు. నేనూ నమ్మి ప్రార్థనకు మోకరించబోయాను.

ఆయన కొడుకు పైపు కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి సెల్‌ఫోనులో సమయం చూశాడు. నిరుడు 80 సెకన్లలో నిండిన డ్రమ్ముకు ఈసారి 125 పట్టింది. సెకనుకు రెండున్నర లీటర్లు రావలసింది 1.6 వస్తోంది. కేసింగ్ దగ్గర చెవి పెడితే లోపల నీళ్లు జారుతున్న చప్పుడు! పైపులు పైకి తీయిస్తే ఒక జాయింటు పగిలి ఉంది. అది మార్చాక డ్రమ్ము 82 సెకన్లలో నిండింది. అప్పు తప్పింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ల సేవలో నా గొంతు తగ్గలేదు. కానీ చేను దాకా ఎంత పారుతోందో ఎన్నడైనా కొలిచి చూశానా?