మా ఇంటి మిశ్రసమాసం

కారు కొన్నవాడికి లోకం రెండు ప్రశ్నలు వేస్తుంది. "ఎంతయిందండీ?" అన్నది మొదటిది. "లీటరుకు ఎంతిస్తోంది?" అన్నది రెండోది. హైబ్రిడ్ కారు కొన్నవాడికి మూడో ప్రశ్న కూడా తప్పదు. "ఇంతకీ మీది కరెంటు కారా, పెట్రోలు కారా?"

రెండూనండీ అంటే ఎవరికీ తృప్తిగా ఉండదు. మా అమ్మకైతే అసలే లేదు. కారు ఇంటికి వచ్చిన రోజున నిమ్మకాయలు చక్రాల కింద పెడుతూ, "హైబ్రీడంటే ఆ టమాటాల్లాంటిదేనా నాయనా? చూపుకు నిగనిగలాడతాయి, చారు పెడితే పులుపుండదు" అంది.

నేను తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. నాకు ఇంజన్ల సంగతి తెలియదు గాని సమాసాల సంగతి తెలుసు. అందుచేత నా దారిన నేను అర్థం చెప్పుకున్నాను. తెలుగు మాటకూ సంస్కృతం మాటకూ పొత్తు కుదిరితే మిశ్రసమాసం అంటాం. 'పాలసముద్రం' అనవచ్చు, అందులో పాలు మనవి, సముద్రం వాళ్లది, అయినా కలిసిపోయాయి. అదే 'క్షీరకడలి' అన్నామా, పరీక్ష పేపర్లో ఎర్రసిరా గీత పడుతుంది. అది వైరిసమాసం. అవే పదార్థాలు, కూర్పు తప్పింది, అంతే. హైబ్రిడ్ కారు కూడా రెండు భిన్నజాతుల పొత్తే. ఒకటి పెట్రోలు ఇంజను, రెండోది విద్యుత్తు మోటారు. ఇది మిశ్రమో వైరో తేల్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఈ పొత్తు ఇవాళ్టిది కాదు. వియన్నాలో లోనర్ అనే బండ్ల తయారీదారు దగ్గర పని చేస్తూ ఫెర్డినాండ్ పోర్షే 1900 నాటికే పెట్రోలు ఇంజనుతో కరెంటు పుట్టించి, ఆ కరెంటుతో చక్రాలు తిప్పే బండి తయారుచేశాడు. తరవాత దాదాపు నూరేళ్లు ఆ ఆలోచన అటక మీదే పడి ఉంది. 1997 డిసెంబరులో జపానులో టొయోటా వారు ప్రియస్ విడుదల చేశాక గాని మామూలు సంసారుల గుమ్మాల ముందుకు రాలేదు. మన దేశంలో మధ్యతరగతి వాడు అప్పో సప్పో చేసి ఆశపడదగ్గ ధరకు 2022లో వచ్చింది. నేను 2023 దీపావళికి ఆశపడ్డాను. కారు పేరు చెప్పను. తరవాత చెప్పబోయే అవస్థలో దాని తప్పుకన్నా నా తప్పే ఎక్కువ.

పనిచేసే తీరు మాత్రం ముచ్చటైనది. పెట్రోలు ఇంజనుకు రోడ్డు మీద మెల్లగా పాకడం, ఆగడం, మళ్లీ కదలడం చేతగావు. అక్కడే ఎక్కువ తాగుతుంది. మోటారుకు కదిలించడమే ఇష్టం. కనుక సిగ్నలు దగ్గర నుంచి మోటారు లాగుతుంది, వేగం అందుకున్నాక ఇంజను భుజం కలుపుతుంది. బ్రేకు నొక్కితే, మామూలు కారులో వేడిగా మారి గాలిలో కలిసిపోయే శక్తిలో కొంత, ఇక్కడ మోటారే జనరేటరుగా మారి బ్యాటరీకి పంపుతుంది. గోడకు తీగ తగిలించి చార్జి చేసే పని లేదు. నా కారుకైతే ఆ వీలే లేదు. ఆ బ్యాటరీ కూడా పెద్దదేమీ కాదు. ఒక యూనిట్‌కన్నా తక్కువ కరెంటు పడుతుంది. మన పడకగదిలో ఏసీ గంటసేపు తిరిగితే అయిపోయేటంత. ఆ కాస్తా రోజుకు వందసార్లు నిండుతూ, ఖాళీ అవుతూ ఉంటుంది. కందిపప్పు డబ్బా అడుగున గృహిణి దాచుకునే చిల్లర లాంటిది. ఎప్పుడూ ఎక్కువుండదు, ఎప్పుడూ పూర్తిగా అయిపోదు.

అప్పట్లో నా ఉద్యోగం అనకాపల్లిలో, ఇల్లు విశాఖపట్నంలో. రానూ పోనూ 74 కిలోమీటర్లు. ఎన్.ఏ.డి. కూడలి, గాజువాక, కూర్మన్నపాలెం, లంకెలపాలెం, ఈ వరస తెలిసినవాళ్లకు నేను వేరే చెప్పనక్కర్లేదు. లారీల మధ్య ఆగుతూ సాగుతూ పోయే ఆ దారి హైబ్రిడ్ కోసమే వేసినట్లుంటుంది. పూర్తి కరెంటు కారు కొందామంటే మా అపార్టుమెంటు కింద చార్జింగుకు మీటరు పెట్టుకోనివ్వలేదు. అటు ప్రభుత్వం కరెంటు కారు మీద 5 శాతం పన్ను వేస్తే, నా కారు కొలతకు అప్పుడు పన్నూ సెస్సూ కలిపి 43 శాతం పడింది. (2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 అయింది. నేను కొన్నాక తగ్గడం మా వంశాచారం.)

అదే నమూనాలో మామూలు పెట్రోలు బండికీ దీనికీ తేడా 3,20,000 రూపాయలు. ఆ డబ్బు మా ఆవిడ చీటీ డబ్బు. అమ్మాయి ఇంటర్మీడియట్ అయ్యాక పనికొస్తుందని నెలనెలా కూరగాయల దగ్గర బేరమాడి కూడబెట్టింది. అడగడానికి నాకు వారం పట్టింది. చివరకు ఒక రాత్రి కాగితం తీసుకుని, బోర్డు మీద ఛందస్సు గణవిభజన చేసినట్టు లెక్క వేసి చూపించాను. పెట్రోలు 110 రూపాయలు అనుకో. మామూలు బండి 14 కిలోమీటర్లు ఇస్తుంది, కిలోమీటరుకు 7 రూపాయల 86 పైసలు. కంపెనీ కాగితంలో 28కి దగ్గరగా ఉన్నా, మనం అతిశయోక్తి అలంకారం తీసేసి 22 అనుకుందాం, కిలోమీటరుకు 5 రూపాయలు. మిగిలేది 2 రూపాయల 86 పైసలు. అంటే 1,12,000 కిలోమీటర్లు తిరిగితే నీ చీటీ డబ్బు నీకు వచ్చేస్తుంది. ఏడాదికి 21,000 తిరుగుతాను కనుక ఐదేళ్ల నాలుగు నెలలు.

ఆవిడ కాగితం తీసుకుని రెండుసార్లు చూసింది. "మీరు తిరిగితే కదా" అంది. ఆ మాటలో ఇంత పరమార్థం ఉందని అప్పుడు తెలియలేదు.

మొదటి తొమ్మిది నెలలూ నేను మనిషిని కాను. ఈ కారులో ఒక తెర ఉంది. దిగేముందు అది మనకు మార్కులు వేస్తుంది. ఇంత శాతం దూరం మోటారు మీద వెళ్లావు, ఇంత సగటు వచ్చింది అని చూపిస్తుంది. పాతికేళ్లుగా పిల్లలకు మార్కులు వేస్తున్నవాణ్ణి, నాకే ఎవరో వేస్తుంటే ఆత్రం పట్టలేకపోయాను. వెనక నుంచి బస్సులు హారన్లు కొడుతున్నా అరిపాదం ఆడించకుండా కూర్చునేవాణ్ణి. జ్యేష్ఠమాసపు ఉక్కలో ఏసీ ఆపేశాను ఒకరోజు. ఏసీ వేస్తే బ్యాటరీ తొందరగా దిగి, నిలబడ్డచోటే ఇంజను లేస్తుంది, సగటు పడిపోతుంది మరి! మా అమ్మాయి కళాశాల దుస్తుల్లో చెమటకు తడిసి ముద్దయి, "నాన్నా, రేపటి నుంచి నేను బస్సులో వెళ్తాను" అంది. 22 అన్నది 23 దాటిన ఆ రోజును నేను ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

సంక్రాంతి సెలవుల్లో అందరం అరకు వెళ్లాం. ఎక్కేటప్పుడు ఇంజను మామూలు ఇంజనులాగే రొప్పింది, సగటు పధ్నాలుగుకు పడింది. దిగేటప్పుడు నాలుగు మలుపులు తిరిగేసరికి బ్యాటరీ నిండిపోయింది. నిండిన కుండలో ఇంకేం పోస్తాం? అప్పుడు బండిని పట్టి ఉంచడానికి ఇంజను గట్టిగా తిరగడం మొదలుపెట్టింది. పెట్రోలు తాగడం లేదట, కేకలు మాత్రం పెడుతోంది. వెనక సీటు వెనక బ్యాటరీ ఉండటం వల్ల డిక్కీ సగమే. అరకులో కొన్న వెదురు బుట్టలు నలుగురి ఒళ్లోనూ ఉన్నాయి. అమ్మ డముకు దగ్గర డోకుకుంది. ఘాటు రోడ్డుకు హైబ్రిడ్ అనీ నాటు అనీ తేడా ఏముంది?

2024లో బదిలీ ఉత్తర్వులు వచ్చాయి. నాకు విశాఖపట్నంలోనే వేశారు. ఇంటికి నాలుగు కిలోమీటర్లు. పదకొండేళ్లుగా అడుగుతున్న బదిలీ అది! స్టాఫు రూములో మిఠాయిలు పంచాను. ఆ సాయంత్రం లంకెలపాలెం దగ్గర ఎర్రదీపం ముందు ఆగినప్పుడు గుర్తొచ్చింది, నా లెక్క ఏం కావాలి?

ఇంటికొచ్చి మళ్లీ వేశాను. ఏడాదికి 6,000 కిలోమీటర్లు. తిరిగింది 16,000, తిరగవలసింది 96,000. అంటే ఇంకా పదహారేళ్లు. 2040. నేను ఉద్యోగ విరమణ చేసేదీ 2040లోనే. కారు రిజిస్ట్రేషను గడువు 15 ఏళ్లు, అది 2038తోనే తీరిపోతుంది. పెద్ద బ్యాటరీకి వాళ్లిచ్చిన హామీ 8 ఏళ్లు. చిన్న దూరాలకు ఇంజను వేడెక్కేలోపే ఇల్లు వచ్చేస్తుంది కనుక ఆ 22 కూడా రావడం లేదు. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. పాత లెక్క కాగితం నాలుగు మడతలు పెట్టి, బీరువాలో చీటీ పుస్తకం మధ్యన ఉంచింది. అంతకన్నా రెండు మాటలు అనేసి ఉంటే బాగుండేది.

కళాశాలకు స్కూటరు మీదే వెళ్లడం మొదలుపెట్టాను. కారు గుడ్డ కప్పుకుని కింద నిద్రపోయేది. మా బావమరిది ముచ్చటపడి, రోడ్డు దృశ్యాలు రికార్డు చేసే కెమెరా ఒకటి దానికి బిగించి వెళ్లాడు. 2025 వేసవి సెలవుల్లో మూడు వారాల పైన నేను ఆ గుడ్డ తియ్యలేదు.

ఒక రాత్రి రెండు గంటలకు అమ్మకు ఆయాసం వచ్చింది. గది బయటికి వినిపిస్తోంది ఊపిరి. మా ఆవిడ అమ్మను పట్టుకుని లిఫ్టులో దించింది. నేను ముందే పరుగెత్తి బొత్తాం నొక్కాను. తలుపు తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాను. తాళంచెవి లోపల దాగి ఇంకో ఇనపచెవి ఉంటుందని, దానితో తలుపు తియ్యవచ్చని నాకప్పటికి తెలియదు. పుస్తకంలో ఉంది. తెలుగు అధ్యాపకుడు చదవని పుస్తకం అదొక్కటే. అమ్మాయి ఫోనులో చూసి చెప్తే తీశాను. లోపల తెర నల్లగా ఉంది. మా నాన్న దగ్గర పాత అంబాసిడరు ఉన్న రోజుల్లో ఇట్లా అయితే నలుగురం తోసి స్టార్టు చేసేవాళ్లం. ఇది తోస్తే స్టార్టయ్యేది కాదు. అమ్మ మెట్ల మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ఊపిరి పీలుస్తోంది. ఆ నిమిషంలో ఎంత మైలేజీ ఇస్తే మాత్రం ఏం లాభం అనిపించింది.

ఎదురు ఫ్లాటు రైల్వే ఆయన లేచి వచ్చారు. ఆయనది పన్నెండేళ్ల నాటి డీజిలు బండి. దాని పొగ మా బాల్కనీలోకి వస్తోందని నేను రెండుసార్లు మొహం చిట్లించి ఉన్నాను. ఒక్క తిప్పుకు ఘుర్రుమని లేచింది. ఆ చప్పుడు ఎంత హాయిగా వినిపించిందో చెప్పలేను. పావుగంటలో ఆసుపత్రిలో ఉన్నాం. తెల్లవారేసరికి అమ్మ తేరుకుని కాఫీ అడిగింది.

మర్నాడు మెకానిక్కు వచ్చి రెండు తీగలు తగిలించి అరనిమిషంలో లేపాడు. అప్పుడు చెప్పాడు అసలు సంగతి. ఈ కారులో బ్యాటరీలు రెండు. బండిని లాగే పెద్దది ఒకటి, తలుపులూ దీపాలూ కంప్యూటర్లూ నడిపే మామూలు పన్నెండు వోల్టుల చిన్నది ఒకటి. పెద్దదానిలో సరుకు ఉంది. కాని దానికి తలుపు తియ్యవలసింది చిన్నది. అది వాడకం లేకా, కెమెరా కొంచెం కొంచెం తాగెయ్యడం వల్లా చచ్చిపోయింది. "వారానికి ఒకసారైనా తిప్పాలి సార్" అన్నాడు. కెమెరా పీకించాను. ఎదురింటాయన బండి పొగ గురించి మాట్లాడటం మానేశాను.

అమ్మేద్దామా అన్నాను మా ఆవిడతో. అమ్మితే ఆ 3,20,000లో ఎంత వస్తుందో కూడా విచారించాను, చెప్పుకోదగ్గ మొత్తం కాదు. రోజూ ఊళ్లో ముప్ఫై, నలభై కిలోమీటర్లు తిరగవలసినవాడు నన్నడిగితే కొనుక్కోమనే చెప్తాను. స్కూటరు దూరంలో ఉద్యోగం ఉన్నవాడికి చెప్పను. బదిలీ వచ్చే అవకాశం ఉన్నవాడు ముందు భార్యను అడగాలి. అది వైరిసమాసం కాదని మాత్రం ఇప్పుడు ఒప్పుకుంటాను. ఇంజనూ మోటారూ ఎప్పుడూ పోట్లాడుకోలేదు. కూర్పు కుదరనిది నాకూ దానికీ.

వారానికి ఒకసారి తిప్పమన్నాడు కదా అని శనివారం సాయంత్రాలు అమ్మను ఎక్కించుకుని బీచి రోడ్డు మీదుగా భీమిలి వైపు వెళ్తున్నాను. అమ్మకు జన్మలో కారు పడదు. గేరు మారినప్పుడల్లా ఊగే ఆ కుదుపూ పెట్రోలు వాసనా గిట్టవు. ఎప్పుడూ చేతిలో నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చునేది. దీంట్లో గేర్లు మార్చే కుదుపు లేదు. ఊళ్లో మెల్లగా పోతుంటే చప్పుడే లేదు. మొదటి శనివారం రుషికొండ దాటాక చూస్తే నిమ్మకాయ ఒళ్లో పడి ఉంది, అమ్మ కిటికీలోంచి సముద్రం చూస్తోంది. మొన్న తెన్నేటి పార్కు దగ్గర జనానికి దారిచ్చి ఆగితే, "ఆగిపోయిందేమిట్రా మళ్లీ?" అని కంగారుగా అడిగింది. లేదమ్మా, ఇది ఆగితే ఇట్లాగే ఉంటుంది అన్నాను. సముద్రం హోరు వినిపించింది.

మొన్న శనివారానికి మీటరు 24,600 చూపిస్తోంది. లెక్క ప్రకారం చీటీ డబ్బులో 70,000 తిరిగి వచ్చింది. ఆ మాట మా ఆవిడకు చెప్పాను. బీరువా తీసి కాగితం మడతలు విప్పి, నా గణవిభజన కింద పెన్సిలుతో ఆ అంకె వేసుకుని, "ఈ శనివారం నేనూ వస్తాను, ముందు సీటు నాకు" అంది.