సర్దని చీటీలు

ఒక పనిముట్టు తయారుచేసి, దాని గురించి ఒకే ఒక్క వాక్యం రాసి చేతులు దులుపుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఈమధ్య అలాంటి టూల్ ఒకటి నా చేతికొచ్చింది. మనం హడావిడిలో ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో రాసి పడేసి, ఏ ఫోల్డర్‌లోనూ పెట్టకుండా వదిలేసిన నోట్స్ ఉంటాయి కదా, వాటిని ఏఐ ఏజెంట్‌కు జాబితాగా అందించడం దాని పని. దాని డాక్యుమెంటేషన్ మొత్తం ఇంతే: ‘సర్దని నోట్స్‌ను చూపిస్తుంది.’ పేరు చూస్తే తెలిసే సంగతినే మళ్లీ రాశారు. మనమైతే పక్క సీటులో ఉన్నవాళ్లను అడుగుతాం. ఏజెంట్ ఎవర్ని అడుగుతుంది?

ఏజెంట్లకు టూల్స్‌ను అందించడానికి ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో ఎంసీపీ అనే ప్రోటోకాల్‌ను విడుదల చేసింది. అందులో టూల్‌కు ఒక పేరు, ఒక వివరణ, ఏ ఇన్‌పుట్‌లు ఇవ్వాలో చెప్పే నమూనా ఉంటాయి. లోపలి కోడ్ ఏజెంట్‌ను నడిపే మోడల్‌కు కనపడదు. దేన్ని ఎప్పుడు పిలవాలో ఈ మూడూ చదివే అది తేల్చుకుంటుంది. మనుషులు మాన్యువల్ తెరవకపోయినా తంటాలు పడి పని నేర్చుకునేవారు. ఇక్కడ రాసిందే పని.

అందుకే అడుగుతున్నాను, సర్దనివంటే ఏవి? ఫోల్డర్ లేనివా, ట్యాగ్ లేనివా, రెండూ లేనివా? నోట్ మొత్తం వస్తుందా, శీర్షిక మాత్రమేనా? కొత్తవి ముందా, పాతవి ముందా? నోట్స్ రెండొందలు ఉండి, టూల్ విడతకు యాభై చొప్పున ఇస్తుందనుకోండి. మిగతావాటి కోసం మళ్లీ అడగాలని రాయకపోతే, ఏజెంట్ ఆ యాభై చూసి ‘మీవన్నీ చదివేశాను’ అంటుంది. మనం నమ్ముతాం. ఖాళీ జాబితా వస్తే సర్దాల్సినవేమీ మిగల్లేదని అర్థమా, సర్వర్ పలకలేదని అర్థమా? తేదీ ఏ లెక్కన వేస్తారు? ప్రపంచ ప్రామాణిక కాలమైన యూటీసీ లెక్కనైతే, మనం తెల్లవారుజామున ఐదున్నరలోపు రాసుకున్నదంతా నిన్నటి ఖాతాలో పడుతుంది. వేకువనే లేచి రాసుకునేవాళ్లు మన ఇళ్లలో ఎందరు లేరు!

ఇంకో సంగతి మరీ ముఖ్యం. ఎక్కడినుంచో తెచ్చి నోట్‌లో అతికించుకున్న పేజీలో ఏజెంట్‌ను ఉద్దేశించిన దొంగ ఆదేశం దాగి ఉండవచ్చు. జాబితాలో వచ్చేది చదవడానికే తప్ప పాటించడానికి కాదని వివరణలో స్పష్టంగా చెప్పాలి. చెప్పినంత మాత్రాన ప్రమాదం పూర్తిగా తొలగిపోదు కాబట్టి, చూపించే టూల్‌కు చెరిపే అధికారం ఇవ్వకూడదు. ఇవ్వలేదన్న సంగతి కూడా రాయాలి.

మా పనిముట్టు ఇది చేయలేదు అని చెప్పడం పాత మర్యాదే. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీల యూనిక్స్ ప్రోగ్రామర్ల మాన్యువల్ తొలి కూర్పు మీద 1971 నవంబరు 3 అనే తేదీ ఉంటుంది. ఫైళ్ల జాబితా చూపే ‘ఎల్‌ఎస్’ అందులోనే ఉంది. ఒక్కో ఆదేశానికి పేరు, వాడే తీరు, వివరణ, కిందికి వస్తే ‘బగ్స్’ అనే శీర్షిక. తమ చేతి పనిలో ఎక్కడ లోపముందో రాసినవాళ్లే చెప్పుకున్నారు. ఆ శీర్షికంటే నాకు ప్రాణం. ఏ మాన్యువల్ తెరిచినా ముందు అక్కడికే వెళతాను. అది నిజాయితీగా ఉంటే పైనున్నదంతా నమ్ముతాను. అది లేకపోతే పైన ఎంత సొగసుగా రాసినా నా అనుమానం తీరదు. వాళ్లు పనిచేసిన బెల్ ల్యాబ్స్‌లో ఆ ప్రోగ్రాములు వాడేవాళ్లకు రాసినవాళ్లు పిలిస్తే పలికే దూరంలోనే ఉండేవారు. అయినా రాశారు. పిలిచినా పలకని దూరాన ఉన్న మనం ఇంకెంత రాయాలి!

అసలు రోగం సర్దనివాటి మీద చిన్నచూపు. అవి చెత్త కాబట్టి వాటి టూల్‌కు ఒక వాక్యం చాలనుకుంటారు. మా శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్ గారు అలా అనుకోలేదు. ఎవరో వకీలుగారు పోయాక ఇంట్లోవాళ్లు ఆయన పుస్తకాలను గోనెసంచుల్లో తెచ్చి ఇచ్చారు. వాటిని విషయాలవారీగా విడదీసి బీరువాల్లో పెట్టడానికి నెలలు పట్టింది. కానీ యాక్సెషన్ రిజిస్టరులోకి మాత్రం వెంటనే ఎక్కాయి. వచ్చిన వరసలో నంబరు, తేదీ, రచయిత, పేరు, ఎవరిచ్చారు. అట్ట లేకపోతే అట్ట లేదని, మొదటి పుటలు పోతే పోయాయని పక్కన రాసేవారు. నేను ఏదైనా అడిగితే రిజిస్టరులో వేలు జరుపుకుంటూ వెళ్లి, ‘బీరువాలోకి ఇంకా ఎక్కలేదమ్మా, ఉండు’ అని సంచిలోంచి తీసి ఇచ్చేవారు. పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది. మా లైబ్రేరియన్ గారు వాటిని చదివారో లేదో గానీ, ఆ సూత్రాన్ని బతుకంతా పాటించారు.

అలాంటి మనుషుల వల్లే మన పల్లెల్లో చదువు నిలిచింది. 1918లో వేటపాలెంలో మొదలైన సారస్వత నికేతనంలో పాత పత్రికలు ఇవాళ దొరుకుతున్నాయంటే, ఏది వచ్చినా పారేయకుండా దాచినవాళ్లు ఉన్నారు కాబట్టే. ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు మనం ఇప్పటికీ కడుతున్నాం. ఆ డబ్బుతో ముందు ప్రతి శాఖా గ్రంథాలయంలో రిజిస్టరు రాయగల మనిషిని పెట్టండి. గోడలకు రంగులు, కొత్త బల్లలు తర్వాత చూసుకోవచ్చు.