ఒక్క గడిలోని మాట

మా పన్నెండో తరగతి కంప్యూటర్ సైన్స్‌లో పైథాన్‌తో డేటాబేస్‌ను ప్రశ్నలడిగే పాఠం ఉంది. వరుసలన్నీ కావాలంటే ఫెచ్‌ఆల్, కొన్ని కావాలంటే ఫెచ్‌మెనీ, ఒక్కటి చాలంటే ఫెచ్‌వన్. ఈ తేడా రాస్తే పరీక్షలో మార్కులు వచ్చేస్తాయి. అయితే ఒక వరుసలో ఒకే ఒక్క గడిలోని మాట కావాలంటే? ఆ అవసరం నాకు పోయిన సెలవుల్లో వచ్చింది.

మాది కోవిల్‌పట్టి. సాత్తూరు దాటితే విరుదునగర్, అక్కడ మా పెద్దమ్మ ఇల్లు. వాళ్ల వీధిలో ఒక అక్క సాయంకాలం పూట పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుతుంది. 40 మంది పిల్లలు. ఇంట్లో తెలుగు మాట్లాడే వాళ్లకు ఒక వాచకం, మాట్లాడని వాళ్లకు వేరే వాచకం కొనాలి. ఆమె నోటుబుక్కులోని వివరాలన్నీ మా అన్న, నేను కలిసి ఎస్‌క్యూలైట్‌లో ఎక్కించినాము. ఒక్కొక్కరికీ నెంబరు, పేరు, ఇంటి భాష.

5వ నెంబరు పాప ఇంటి భాష ఏది అని ఫెచ్‌వన్‌తో అడిగితే, ('తెలుగు',) అని వచ్చింది. బ్రాకెట్లు, చివర కామా! మేము అడిగింది ఒక్క మాటే అయినా డేటాబేస్ వరుసనే ఇస్తుంది. దీన్ని టపుల్ అంటారు. ఒక్క కడలమిఠాయి అడిగినా అంగడాయన పొట్లం కట్టే ఇచ్చినట్టు. (మా ఊరి కడలమిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, చెప్పకుండా ఉండలేను.) ఆ పొట్లాన్ని 'తెలుగు' అనే మాటతో పోల్చితే రెండూ ఒకటి కాదంటుంది పైథాన్. చివర [0] అని చేర్చి పొట్లం విప్పాలి. లెక్క సున్నా నుంచి మొదలు కాబట్టి మొదటి గడి అదే.

ఇంకొకటి, పేరుతో అడగకూడదు. ఒకే పేరున్న వాళ్లు ఇద్దరుంటే ఫెచ్‌వన్ ముందు దొరికిన వరుసనిచ్చి ఊరుకుంటుంది. నెంబరుతో అడగడమే మేలు.

తరువాత లెక్క తీసినాము. ఇంటి భాష తెలుగు అయినవాళ్లు 31. తెలుగు కానివాళ్లు 8. కూడితే 39. ఒక బిడ్డ ఎక్కడికి పోయింది?

అన్న 17వ నెంబరును అడిగి చూపించినాడు. (నన్,) అని వచ్చింది. తరువాత అసలు లేని 41ని అడిగినాడు. ఈసారి బ్రాకెట్లు కూడా లేవు, ఉత్త నన్. "రెండూ ఒకటేనా చూడు. ఇక్కడ పాప ఉంది, గడి ఖాళీ. అక్కడ పాపే లేదు" అన్నాడు. 41కి [0] పెడితే టైప్‌ఎర్రర్ అని ప్రోగ్రాం ఆగిపోతుంది. 17కి పెడితే ఆగదు, చప్పుడు చేయదు. నాకు ఆగిపోయేదే మంచిదనిపిస్తుంది, కనీసం మనకు తెలుస్తుంది. ఖాళీ గడి తెలుగుకు సమానమా అంటే కాదు, సమానం కాదా అంటే అదీ కాదు. ఎస్‌క్యూఎల్ పద్ధతి అది. అందుకే ఆ పాప రెండు లెక్కల్లోనూ లేదు. ఆ లెక్కతోనే పుస్తకాలు కొని ఉంటే తనకు ఏ వాచకమూ వచ్చేది కాదు.

అక్క ఆ పాపనే అడిగింది. "అవ్వతో తెలుగు, అమ్మతో తమిళం" అని టక్కున చెప్పేసింది. ఆ గడి ఎవరూ మరిచిపోయింది కాదు, అందులో ఏం రాయాలో తోచక వదిలేసింది! మా ఊరి పక్కన ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారిని చేర్చినా ఇదే చిక్కు. ఆయన ఇంటి భాష తెలుగు, 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది తమిళ నవలకు. ఒక్క గడిలో ఏది రాస్తారు?

అన్న ఇంకో కాలమ్ చేర్చినాడు. ఇప్పుడు 17ను అడిగితే [0]లో తెలుగు, [1]లో తమిళం వస్తాయి. వాచకాలు 40 కొన్నారు. ఆ పాపకు మొదటి రకమే ఇచ్చినారు, అవ్వ దగ్గర కూర్చుని చదువుకుంటుందని.