కుమారదేవం చెట్టు, కొరియా కథలు

రాజమహేంద్రవరంలో రోడ్డు-రైలు వంతెన ఎక్కి అవతల దిగితే కొవ్వూరు. అక్కడినుంచి గోదావరిని కుడిచేతి వైపున వుంచుకుని ఎగువకు పోతే కుమారదేవం వస్తుంది. ఆ వూరికి పేరు తెచ్చింది గట్టు మీది నిద్రగన్నేరు చెట్టు. వయస్సు నూటయాభై ఏళ్ళ పైమాటే. పొద్దు వాలగానే ఆకులు ముడుచుకునే జాతి. జనం మాత్రం దాన్ని 'సినిమా చెట్టు' అన్నారు. దాని నీడన మూడువందల సినిమాలకు పైగా తీశారని చెబుతారు. విశ్వనాథ్, రాఘవేంద్రరావు, వంశీ - అందరూ అక్కడ కెమేరా నిలిపినవారే. 2024 ఆగస్టు 5న ఆ చెట్టు కూలిపోయింది.

దీనికీ కొరియా ప్రేమకథలకూ ఏమిటి సంబంధమంటారా? చెబుతాను. ఆ దేశపు టీవీ కథలు యిప్పుడు మన గోదావరి వొడ్డు యిళ్ళలోకీ వచ్చేశాయి. ఆడపిల్లలు ఫోను ముందు పెట్టుకుని, కింద అక్షరాలు చదువుకుంటూ, కళ్ళు వొత్తుకుంటారు. పెద్దవాళ్ళు మొదట విసుక్కుంటారు, నాలుగోనాటికి "ఆ కుర్రాడేమయ్యాడే?" అని వాళ్ళే అడుగుతారు.

ఆ కథల్లో లోపాలు లేకపోలేదు. 2002లో వచ్చిన 'వింటర్ సొనాటా' చూడండి. యిరవై భాగాలు. నాయకుడికి ప్రమాదం, మతిమరుపు, మళ్ళీ ప్రమాదం, నాయిక తన చెల్లెలేమోనన్న అనుమానం, చివరకు అంధత్వం! వొక్క మనిషికి యిన్ని కష్టాలా అని మన అత్తయ్యలు కూడా బుగ్గలు నొక్కుకుంటారు. అయినా ఆ కథలో వొక సుగుణం వుంది: చోటును తొందరపడి దాటిపోదు. యిద్దరు నడిచే చెట్ల బాటను, చూసేవాడికి ఆ చలి తగిలేదాకా చూపిస్తుంది. ఆ బాట వున్న నామి, 1944లో ఆనకట్ట కట్టినందువల్ల నీటి మధ్య మిగిలిన లంక. కథ జపానులో ప్రసారమయ్యాక, అక్కడి స్త్రీలు ఆ లంకకు తండోపతండాలుగా వెళ్ళారు. యిప్పుడక్కడ నాయికా నాయకుల కంచువిగ్రహం వుంది.

యింకొకటి, 2022లో వచ్చిన 'ఎక్స్‌ట్రార్డినరీ అటార్నీ వూ'. నాయిక లాయరు. ఆమె ప్రేమ వొక పక్క మెల్లగా నడుస్తూండగా, వొక వూరిని చీల్చుకుపోయే రోడ్డు మీద దావా వస్తుంది. ఆ వూరి గుట్ట మీద వొక మహావృక్షం. వూరివాళ్ళు చిన్నప్పుడు దాన్ని ఎక్కినవాళ్ళే, దాని కింద ఆడుకున్నవాళ్ళే. ఆ వృక్షం కథకోసం కల్పించింది కాదు. చాంగ్‌వన్‌లో నిజంగా వున్నదే, సుమారు అయిదువందల ఏళ్ళది. కథ ప్రసారమైన ఏడాదే, అక్టోబరులో, కొరియా ప్రభుత్వం దాన్ని జాతీయ ప్రకృతి సంపదగా ప్రకటించింది.

మన సినిమాలకు ఆ గుణం లేకపోలేదు. 1964 నాటి 'మూగమనసులు'లో గోదావరిని తీసేస్తే కథే లేదు. ప్రేమికులను మింగిన సుడిగుండమే మరుజన్మలో పాత జ్ఞాపకాన్ని లేపుతుంది. కాని కుమారదేవం చెట్టును మాత్రం చాలావరకు అందమైన తెరగానే వాడుకున్నారు. దాని కింద పాటలు పాడారు, పంచాయితీలు తీర్చారు, పెళ్ళిచూపులు జరిపారు. ఆ వూరేదో, ఆ చెట్టు ఎవరిదో చెప్పినవారు తక్కువ. అందుకే చెట్టు తెలిసినవారు లక్షలమంది, కుమారదేవం తెలిసినవారు కొద్దిమంది.

సంతోషమేమిటంటే, కూలిన కొన్నాళ్ళకు, మందులు వేసి కాపాడబోగా, ఆ మోడు మళ్ళీ చిగిర్చింది. ఈసారి అక్కడికి కెమేరా పట్టుకువెళ్ళేవారు ముందు వూళ్ళో వొక పూట వుండి, చెట్టు కింద చద్దిమూట విప్పినవాళ్ళనూ, పడవకోసం కాచుకున్నవాళ్ళనూ పలకరిస్తే బాగుంటుంది. కథలు వాళ్ళ దగ్గరున్నాయి.